ఉప్పునీటి తొట్టెలో చెలిమి

పెద్ద చేప ఒకటి నీటి నడుమ కదలక మెదలక నిలిచిపోతుంది. వాజాలన్నింటిని విప్పార్చి, మొప్పల మీది కప్పును కొద్దిగా తెరచి, తల పైకెత్తి ఎదురుచూస్తుంది. వేలెడంత చిన్న చేప ఒకటి దాని దరిజేరి, ఒడలంతా పరిశీలించి, అక్కడక్కడ ముక్కుతో పొడిచి, చివరకు తెరచియున్న మొప్పలలోనికి తల దూర్చుతుంది. పెద్దది దానిని ఏమీ అనదు. మా యింటి ముందుగదిలోని ఉప్పునీటి తొట్టెలో ఈ దృశ్యాన్ని చూచిన పెద్దలు "ఎంత స్నేహమండీ!" అని ఆశ్చర్యపోయేవారు. పొరుగింటి ఏడేండ్ల బాలిక మాత్రం సూటిగా అడిగినది: "చాచా, అవి రెండూ దోస్తులా?"

ఔనని చెప్పి తప్పించుకొన్నాము. ఆ జవాబు ఎంతవరకు సరియైనదో తెలిసికొనుటకు మాకు రెండేండ్ల కాలమూ, ఒక చేప ప్రాణమూ ఖర్చయినవి. ఆ సంగతిని మన కళాశాల విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా తొట్టెను గురించి కొంచెం చెప్పవలసి ఉన్నది. మంచినీటి చేపలను సీసాలో కూడా పెంచవచ్చునని అనుకొనేవారున్నారు. సముద్రపు చేపల విషయంలో అటువంటి భ్రమకు చోటు లేదు. మా తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు గలది. నిండుగా నింపితే దాదాపు 340 లీటర్లు పడుతుంది. మన ఊరికి సముద్రం దూరం గనుక నీటిని మేమే తయారు చేసుకొనవలసి వచ్చినది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు కావలెను. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రజలంలో సోడియం క్లోరైడుతోబాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైన వాటి లవణాలు కూడ నియతమైన పాళ్ళలో ఉండుటచేత, అందుకై తయారైన మిశ్రమాన్నే కొనితెచ్చుకొన్నాము. చేపల విసర్జనలనుండి పుట్టే అమ్మోనియాను మొదట నైట్రైటుగాను, ఆపైన నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడేవరకు ఆరు వారాలు ఖాళీ నీటిని చూచుకొంటూ కూర్చున్నాము. ఇంటిలోనివారు నవ్వినారు. పగడాలు 2001నుండి మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షితప్రాణులు గనుక, వాటికి బదులు కాల్చిన మట్టికుండల పెంకులను, నదిలోని రాళ్ళను పేర్చి గుహలు కట్టినాము. వేసవిలో నీరు వేడెక్కకుండా పైన ఒక చిన్న ఫ్యాను, కరెంటు పోయినప్పుడు గాలి ఆడుటకు బ్యాటరీతో నడిచే పంపు. ఇంత చేసిన తరువాత చేపలు వచ్చినవి: నారింజరంగుపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపలు రెండు, నల్లని ఒంటిపై మూడు తెల్లచుక్కలు గల డొమినో చేప ఒకటి, అరచేతి పొడవు గల సర్జన్ చేప ఒకటి. తోకమొదట ఇరువైపుల శస్త్రచికిత్సకుని కత్తివంటి ముల్లు ఉండుటచేత దానికా పేరు వచ్చినది. అది పెరుగుతుందనీ, పెరిగిన పిమ్మట దానికి మా తొట్టె చాలదనీ అప్పటికి మాకు తెలియదు.

చిట్టచివర వచ్చినది క్లీనర్ చేప. శాస్త్రనామం లాబ్రాయిడీస్ డిమిడియేటస్. నీలిరంగు సన్నని శరీరం, ముక్కునుండి తోకవరకు పోనుపోను వెడల్పయ్యే నల్లని చార. అమ్మినవారు దీనిని "డాక్టరు చేప" అని పరిచయం చేసి, ఇది ఉన్న తొట్టెలో చేపలకు రోగం రాదని భరోసా ఇచ్చినారు. మేము నమ్మినాము.

ఈ చేప సముద్రంలో చేసే పని నిజంగా వైద్యమువంటిదే. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బలలో ఇది ఒక నియతస్థానాన్ని ఎన్నుకొని అక్కడనే కాపురముంటుంది. ఇతర చేపలు దానిని వెదకికొంటూ ఆ చోటికి వస్తాయి. వాటి పొలుసులపై, వాజాలపై, మొప్పలలో అంటుకొని రక్తం పీల్చే చిన్న పరాన్నజీవులను ఏరి తినుట దీని వృత్తి. పెద్ద నోరు గల గ్రూపర్ వంటి వేటచేపలు సైతం నోరు తెరచి నిలుస్తాయి. ఈ చిన్నది లోపలికి పోయి దంతాల నడుమ శుభ్రం చేసి వస్తుంది. ఆస్ట్రేలియా తీరమందలి లిజార్డ్ ద్వీపం వద్ద పరిశోధన చేసిన అలెగ్జాండ్రా గ్రట్టర్ 1996లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఒక్కొక్క క్లీనర్ చేప సగటున దినానికి 2,297 మార్లు చేపలను పరీక్షించి, 1,218 పరాన్నజీవులను తింటున్నది. మన పెద్ద ఆసుపత్రుల అవుట్‌పేషంట్ విభాగాలలో కూడ ఇంత రద్దీ ఉండదేమో!

ఇంతవరకు చదివినవారికి ఇది స్నేహముగానే తోచవచ్చును. ఒకరికి ఆహారం, మరొకరికి ఆరోగ్యం. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. క్లీనర్ చేపకు పరాన్నజీవులకన్న ఎక్కువ ప్రీతియైన వస్తువు మరొకటి ఉన్నది. అది చేపల ఒంటిని కప్పియుండే జిగురుపొర. రెండింటిని ఎదుట ఉంచి పరీక్షించగా, అది జిగురునే ఎన్నుకొన్నట్లు 2003లో గ్రట్టర్, రెదువాన్ బషారీ అనువారు చూపినారు. జిగురు పోయిన చేపకు నొప్పి, నష్టం. అంటే, వైద్యుడు ప్రతి రోగివద్దనూ తన కిష్టమైనదాన్ని వదలుకొని, ఇష్టం తక్కువైనదానిని తింటున్నాడన్నమాట. ఎందుకు?

వదలుకోకపోతే రోగి వెళ్ళిపోతాడు గనుక. ఇక్కడ బషారీ ప్రభృతులు ఎర్రసముద్రంలో గమనించిన విషయం మిక్కిలి ఆసక్తికరమైనది. దూరం తిరిగే చేపలకు దారిలో అనేకమంది క్లీనర్లు తటస్థపడతారు. ఒకచోట కొరికితే, మరునాడు వేరొక చోటికి పోతాయి. అందుచేత క్లీనర్ వాటికి ముందు సేవ చేస్తుంది. ఒకే రాతిని ఆశ్రయించి బ్రదికే చిన్నచేపలకు ఆ ఎంపిక లేదు. ఊరిలో ఉన్నది ఒక్కటే దుకాణమైతే ఎట్లుంటుందో వాటి స్థితి అట్లుంటుంది. వేచియుండక తప్పదు. అయినను అవి నిస్సహాయములు కావు. మోసగించిన క్లీనర్‌ను అవి తరిమికొడతాయి. తరిమిన తరువాత క్లీనర్ బుద్ధిగా పని చేస్తుంది. వేటచేపల విషయం వేరు. మ్రింగగల దానిని కొరికే ధైర్యం దీనికి అరుదు. అంతేకాదు, ఒక క్లీనర్ మంచిగా పని చేయుచున్నదా లేదా అని వేచియున్న చేపలు ప్రక్కనుండి కనిపెడతాయనీ, మంచిగా పని చేసే దాని దగ్గరనే ఎక్కువ సేపు నిలుస్తాయనీ 2006లో ఆ ఇద్దరే ప్రయోగం ద్వారా నిరూపించినారు. పేరుప్రతిష్ఠల విలువ చేపలకు కూడ తెలియునన్నమాట.

అలిగిన గిరాకీని బుజ్జగించే ఉపాయం కూడ దీనివద్ద కలదు. చేప వీపుమీద నిలిచి తన వాజాలతో మెల్లమెల్లగా తట్టుతుంది. ఆ సమయంలో ఏమీ తినదు. ఇది కేవలం ముఖస్తుతి కాదు. కదలే నమూనా చేపతో సర్జన్ చేపల ఒంటిని ఇట్లే తాకించి పరీక్షించగా, వాటి రక్తంలో ఆందోళనను తెలిపే కార్టిసాల్ అను హార్మోను తగ్గినట్లు 2011లో వెల్లడియైనది. మా తొట్టెలోని సర్జన్ కండ్లు అరమోడ్చినట్లు నిలిచియుండుటకు అర్థం అప్పుడు మాకు తెలిసినది. (చేపలకు రెప్పలు లేవు, అది మా ఊహ మాత్రమే.)

ఇక బాలిక ప్రశ్నకు వద్దాము. రాబర్ట్ ట్రివర్స్ అను శాస్త్రజ్ఞుడు 1971లో, రక్తసంబంధం లేని ప్రాణులు పరస్పరం ఎందుకు తోడ్పడతాయో వివరిస్తూ, క్లీనర్ చేపలను ఒక ముఖ్య దృష్టాంతంగా తీసికొన్నాడు. ఇద్దరు మరల మరల కలిసికొనే అవకాశం ఉండవలెను, ఒకరినొకరు గుర్తించగలగవలెను, అప్పుడు మాత్రమే ఈ ఇచ్చిపుచ్చుకొనుట నిలుస్తుందని ఆయన వాదం. దినానికి రెండువేలకు పైగా చేపలను చూచే క్లీనర్ ఎవరినైనా గుర్తుపెట్టుకొనగలదా? ఈ ప్రశ్నతో 2002లో ఒక ప్రయోగం జరిగినది. క్లీనర్ ముందు పరిచయమున్న సర్జన్ చేపను ఒక వైపు, పరిచయం లేనిదానిని మరొక వైపు ఉంచినారు. మొదటి రెండు నిమిషాలలో క్లీనర్ పరిచితుని దగ్గరనే ఎక్కువ సేపు గడపినది. దానిని మరల తిరగవేసి, సర్జన్ చేపకు ఇద్దరు క్లీనర్లను చూపినారు. సర్జన్ చేప ఇద్దరి నడుమ ఏ భేదమూ చూపలేదు. కారణాలు వేరుగా ఉండవచ్చునంటూనే పరిశోధకులు ఒక మాట సూచించినారు: సర్జన్‌కు క్లీనర్ ముఖంతో పనిలేదేమో, దాని చోటు గుర్తుంటే చాలునేమో.

ఉర్దూలో పొరుగువానిని "హమ్‌సాయా" అంటారు. ఒకే నీడలో ఉండేవాడని అర్థం. దోస్తీకి మనసు కలియవలెను. హమ్‌సాయాకు నీడ కలిస్తే చాలును. ఈ చేపల సంబంధానికి మా దృష్టిలో ఈ మాట చక్కగా అతుకుతుంది. తెలుగులో "పొత్తు" అన్నా కొంతవరకు సరిపోతుంది. పొత్తులో లెక్క ఉంటుంది, లెక్క తప్పితే పొత్తు చెడుతుంది.

మా తొట్టెలో చెడినది ఆ లెక్కయే. సముద్రంలో వేయి పరాన్నజీవులు దొరికే ప్రాణికి మా నాలుగు చేపల ఒంటిమీద ఏమి దొరుకుతుంది? మొదటి వారంలో ఉన్న కొద్దిపాటివి అయిపోయి ఉంటవి. రెండవ వారంనుండి అది సర్జన్‌ను విడువక వెంబడించినది. మేము దానిని కూడ స్నేహమనే అనుకొన్నాము! మూడవ వారానికి సర్జన్ వాజాల అంచులు చీలినవి, ప్రక్కలపై పాలిపోయిన మచ్చలు కనిపించినవి. అది పగలంతా పెంకుల వెనుక దాగియుండేది. సముద్రంలోనైతే ఇటువంటి క్లీనర్‌ను విడిచి అది మరొక చోటికి పోయేది. నాలుగడుగుల అద్దపు గోడల నడుమ ఎక్కడికి పోగలదు? దాని చేతిలోని ఏకైక ఆయుధమైన ఎడబాటును మేమే లాగివేసినాము.

అదే సమయంలో తెల్లచుక్కల రోగం వచ్చినది. డాక్టరు చేప ఏమీ చేయలేదు, చేయనూ లేదు. ఈ రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి చర్మంపైన కాక చర్మం లోపల దాగి పెరుగుతుంది. క్లీనర్ ముక్కుకు అందదు. దీనికి మందు వేరు తొట్టెలో విడిగా ఉంచి చేసే చికిత్స మాత్రమే. క్రొత్తగా తెచ్చిన ఏ చేపనైనా కొన్ని వారాలు ఏకాంతంగా ఉంచిన పిదపనే పెద్ద తొట్టెలోకి వదలవలెనను నియమాన్ని మేము పాటించియుంటే ఆ రోగమే వచ్చేది కాదు. అమ్మినవారిని నిందించి లాభం లేదు. వారు చెప్పినది మేము ఒక్క పుస్తకమైనా తిరగవేయక నమ్మినాము.

క్లీనర్‌కు రొయ్యను సన్నగా తరిగి వేసినాము. వాసన చూచి వదలినది. కడుపు లోనికి పోయి, వీపు కత్తి అంచువలె సన్నబడి, ఏడవ వారంలో ఒక ఉదయం అడుగున పడియున్నది. తరువాత చదివి తెలిసికొన్నదేమనగా, ఇండ్లలో పెంచే క్లీనర్ చేపలలో ఆకలితో పోయేవి చాలా ఉన్నవనీ, కొనేముందు అంగడిలోనే మన కండ్లయెదుట అది తరిగిన ఆహారాన్ని తినుట చూడవలెననీ, తినేదానికైనా దినానికి మూడు నాలుగు పర్యాయాలు కొద్దికొద్దిగా పెట్టవలెననీ. పెద్ద తొట్టె, పెక్కు చేపలు, ఓపికగల యజమాని ఉన్నచోట అది సంవత్సరాల తరబడి బ్రదికిన ఉదాహరణలు లేకపోలేదు. మావంటి వారికి మాత్రం అది తగదు. ఈ పనిని కొంతవరకు చేసే నియాన్ గోబీ అను చిన్నచేపను పెంపకకేంద్రాలలో పుట్టించుచున్నారు; క్లీనర్ రొయ్యలు కూడ ఉన్నవి, అవి మనం వేసే ఆహారంతోనే తృప్తిపడతాయి.

ఒక చేప పోతే పోయినదని సరిపెట్టుకొనవచ్చునా? లిజార్డ్ ద్వీపం దగ్గరనే చిన్న చిన్న పగడపు దిబ్బలనుండి క్లీనర్ చేపలను తొలగించి, ఎనిమిదిన్నర సంవత్సరాలపాటు అవి మరల రాకుండ చూచినారు. 2011లో ప్రకటించిన ఫలితం ఇది: క్లీనర్లు ఉన్న దిబ్బలతో పోల్చగా, లేని దిబ్బలలో అక్కడే నివసించే చేపల సంఖ్య 37 శాతం, వాటి జాతుల సంఖ్య 23 శాతం తక్కువ. మా తొట్టెలో ఆకలితో పోయిన ఆ వేలెడు చేప, ఏదో ఒక దిబ్బలో ఎన్నింటికో పొరుగు. దానిని అక్కడనుండి పట్టి తెచ్చినందువలన ఆ దిబ్బకు కలిగిన లోటు మేము చెల్లించిన ధరలో చేరలేదు.

మిగిలిన చేపల సంగతి క్లుప్తంగా చెప్పుతాము. క్లౌన్ చేపలు, డొమినో చేప చిన్నతనంలో సముద్రంలో ఒకే ఎనిమోన్‌ను ఆశ్రయించి కనిపిస్తాయి. పువ్వువలె విచ్చుకొని, తాకిన ప్రాణిని కుట్టే ఎనిమోన్ చేతుల నడుమ ఈ రెండు జాతులూ తలదాచుకొంటాయి. దీనిని చదివి, వాటికి చిన్నప్పటి నేస్తం ఉంటుందని ఆశించినాము. ఆరు మాసాలు బాగానే గడచినవి. డొమినో పెరిగినకొద్దీ తొట్టెలో సగం తనదేనన్నట్లు ప్రవర్తించసాగినది. క్లౌన్‌లు ఒక మూలకు చేరినవి. చివరకు డొమినోను పెద్ద తొట్టె ఉన్న మిత్రునికి ఇచ్చివేసినాము. పెరిగిన డొమినోలు ఎనిమోన్‌ను విడిచి స్వతంత్రంగా తిరుగుతాయి; చిన్ననాటి పొత్తు చిన్ననాటితోనే సరి.

కాన్‌రాడ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన గ్రంథంలో, పగడపు దిబ్బల చేపలు ఇతర జాతులనుకన్న స్వజాతివారినే తీవ్రంగా ఎదిరిస్తాయని తన తొట్టెల అనుభవంతో వ్రాసినాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను మన సామెతకు ఇది శాస్త్రీయ వ్యాఖ్యానము. అయితే లోరెంజ్ మాట పూర్తి సత్యం కాదని తరువాతివారు గ్రహించినారు. ఆహారం ఒకటే అయితే పరజాతినైనను చేపలు తరుముతాయి. కనుక ఇంటి తొట్టెలో భిన్నజాతులు కలిసి బ్రదుకవలెనంటే మూడు సంగతులు చూడవలెను: తిండి వేరుగా ఉండుట, దాగుటకు చోట్లు చేపల సంఖ్యకన్న ఎక్కువగా ఉండుట, పొగరుబోతు చేపను అందరికన్న చివర వదలుట. మొదట వచ్చినవాడు ఇల్లంతా తనదేననుకొనుట చేపలలో కూడ కలదు. పాత గొడవలు పోవుటకు ఒక్కొక్కసారి రాళ్ళను తీసి వేరువిధంగా పేర్చితే చాలును. సరిహద్దులు చెరిగిపోయి అందరూ కొత్తవారవుతారు.

స్నేహమను మాటకు మరింత దగ్గరగా వచ్చే ఉదాహరణ సముద్రంలో ఒకటి లేకపోలేదు. ఎర్రసముద్రంలో గ్రూపర్ చేప, పాము ఆకారం గల మోరే ఈల్ నివసించే కన్నం ముందుకు పోయి తల వడివడిగా ఊపి దానిని వేటకు పిలుస్తుందని బషారీ బృందం 2006లో వ్రాసినది. ఈల్ రాళ్ళ సందులలో దూరగలదు. గ్రూపర్ బయటి నీటిలో వేగంగా పోగలదు. ఎర ఎటు పరుగెత్తినా ఒకరికి చిక్కుతుంది. కాని చిక్కినది చిక్కినవారిదే, పంపకం లేదు. ఇటువంటి జంటను ఇంటిలో చూడవలెనని ఎవరైనా ఉబలాటపడితే, తొట్టెలోని మిగిలిన చేపలన్నీ వాటికి ఆహారమని ముందే తెలిసికొనవలెను.

మన దేశంలో 1947లో స్థాపించబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను పెంపకకేంద్రాలలో పుట్టించే పద్ధతులను రూపొందించినది. మా రెండు క్లౌన్‌లు పెంపకంలో పుట్టినవే. సర్జన్, డొమినో, క్లీనర్ సముద్రంనుండి పట్టినవి. కొనేనాడు మేము ఈ భేదాన్ని అడుగలేదు. ఇప్పుడు మొదట అడిగేది ఇదే.

క్లీనర్ పోయిన తరువాత సర్జన్ వాజాలు నెలలోపల మరల పూడుకొన్నవి. ఒక్క విషయం మాత్రం మా నోటు పుస్తకంలో వ్రాసియున్నది. క్లీనర్ మొదటి వారంలో కాపురమున్నది కుడివైపు పెంకుల గుహ మొగను. అది చనిపోయిన మరునాటి ఉదయం సర్జన్ ఆ గుహ ముందుకు వచ్చి, వాజాలు విప్పి, మొప్పలు తెరచి, తల పైకెత్తి నిలిచినది. ఎవరూ రాలేదు. కొంతసేపటికి వెళ్ళిపోయినది. ఆ విధంగా పదకొండు దినాలు వచ్చినది, పన్నెండవనాడు రాలేదు. పదవ రోజున పొరుగింటి బాలిక మా ప్రక్కనే నిలిచి చూచినది. "దోస్తు కోసం వచ్చిందా, చాచా?" అని అడిగినది. ఈసారి ఔనని చెప్పలేదు. "ఆ చోటు దానికి గుర్తున్నదమ్మా" అన్నాము.